వంచిన తల ఏమి చెబుతోంది?

జి.కొండూరులో ఒక ఇల్లు అనుకుందాము. దగ్గరలోని కొండపల్లి నుండి తెచ్చిన కొయ్యబొమ్మ ఒకటి ఆ ఇంట్లో ఉన్నది. మూడేళ్ల బాబు ఆడుకుంటుండగా దాని కాలు విరిగింది. అప్పుడే అమ్మ వచ్చింది. బాబు నోరు మెదపలేదు. తల వంచాడు, భుజాలు ముడుచుకున్నాడు, బొమ్మను వీపు వెనుక దాచాడు. “చూడండి పిన్నిగారూ, దొంగలా ఎలా నిలబడ్డాడో!” అన్నది అమ్మ, పక్కింటావిడతో.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఆ వంచిన తల ఏమి చెబుతోందో ఎప్పుడైనా ఆలోచించారా?

“నాకు సిగ్గుగా ఉంది” అని చెప్పగల మాటలు పసివారికి రావు. అందుచేత పరిశోధకులు వారి శరీరమును చూచి తెలుసుకొనుటకు ప్రయత్నించారు. మన భాషకు ఇది కొత్త కాదు. తలవంపులు, తలెత్తుకొని తిరగడము, రొమ్ము విరుచుకోవడము – ఇవన్నీ మనసును శరీరముతో చెప్పే మాటలే గదా!

సిగ్గుతో ముఖము ఎర్రబారడము మనుష్యులకే ప్రత్యేకమని, పసికందులలో అది కనబడదని 1872లో చార్లెస్ డార్విన్ వ్రాశాడు. సిగ్గుపడాలంటే ముందు “నేను” అనే ఎరుక కావాలి. ఆ ఎరుకను కనుగొనుటకు బిడ్డ ముక్కుమీద తెలియకుండా రంగు పూసి అద్దము ముందు నిలుపుతారు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది పిల్లలు అద్దమును కాక తమ ముక్కునే తడుముకొంటారు. అలా తమను గుర్తించిన పిల్లలలోనే బిడియము ఎక్కువగా కనబడినదని 1989లో అమెరికాలో మైఖేల్ లూయిస్, ఆయన సహచరులు తెలిపారు. 1992లో వారే మూడేళ్ల పిల్లలను పరిశీలించారు. కష్టమైన పని నెగ్గినప్పుడు గర్వము, తేలికైన పని తప్పినప్పుడు సిగ్గు ఎక్కువగా కనబడినవి. “ఇంత చిన్న పని కూడా చేతకాదా?” అనే మన మాట ఎక్కడ తగులుతుందో చూచారా?

తరువాత కొలతలు ఇంకా సూక్ష్మమైనవి. ఒత్తిడిలో శరీరము విడుదల చేసే కార్టిసాల్ అనే పదార్థమును ఉమ్మిలో కొలిచారు. పాట పాడిన పిల్లల చెంపల వేడిని, అక్కడి రక్తప్రసరణను పరికరములతో చూచారు. మన పిల్లల చామనఛాయ ముఖములపై ఎరుపు కంటికి కనబడకపోవచ్చు. వేడిని మాత్రము కొలవవచ్చు. 2017లో రాబర్ట్ హెపాక్, ఆయన సహచరులు ప్రత్యేక కెమెరాతో రెండేళ్ల పిల్లల నిలుపును కొలిచి, ఇతరులకు సహాయము చేసిన తరువాత వారి శరీరము నిటారుగా లేస్తుందని చూపారు.

అయితే ఏ ఒక్క గుర్తూ చాలదు. చెంప ఎండకు వేడెక్కవచ్చు. కార్టిసాల్ భయము వలన పెరగవచ్చు. పెద్దల ముందు తల వంచడము మనలో మర్యాద కూడా. అందుకే అనేక గుర్తులను కలిపి, అదే బిడ్డ అంతకుముందు ఎలా ఉన్నాడో పోల్చి చూడాలి.

1993లో ప్రచురించిన ఒక పరిశోధనలో, రెండేళ్ల పిల్లలు ఆడుతుండగా బొమ్మ కాలు ఊడిపోయేటట్లు ముందే అమర్చారు. కొందరు పిల్లలు ముఖము చాటేశారు. కొందరు జరిగినది చెప్పి, బాగుచేయుటకు ప్రయత్నించారు. మొదటిది సిగ్గుకు దగ్గర. రెండవది “తప్పు చేశాను, సరిదిద్దాలి” అనే భావమునకు దగ్గర. మొదటిది బిడ్డను దాచుతుంది, రెండవది దగ్గరకు తెస్తుంది.

2002లో గ్రాజినా కోచాన్‌స్కా బృందము ప్రచురించిన ఇటువంటి పరిశోధనలో, చివరకు విరగని వస్తువును తెచ్చి చూపి, అది నీ తప్పు కాదని బిడ్డకు చెప్పేవారు. కొలుచుటకు వచ్చినవారే బిడ్డను ఆ బాధలో వదిలిపెట్టలేదు. మరి మనము? 2009 విద్యాహక్కు చట్టము బడిలో కొట్టడమునే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. మన ఇంటి వసారాలో, సండే స్కూల్ పిల్లల వరుసలో నలుగురి ఎదుట మనము అనే మాటలకు కాపలా మనమే.

ఆ అమ్మ అదే మాటను మార్చి, బాబు పక్కన కూర్చుని, “కాలు విరిగిందా నాన్నా? రా, ఇద్దరమూ జిగురు పెట్టి అతికిద్దాము” అని ఉంటే? బొమ్మ ముందుకు వస్తుంది. తప్పు ఒప్పుకోవడము, దిద్దుకోవడము రెండూ అక్కడే నేర్చుకొంటాడు. ఈసారి మీ బిడ్డ తల వంచినప్పుడు, మాట అనే ముందు వాడి భుజముల వైపు ఒక్కసారి చూడండి.