పాఠం: చంద్రగిరి – చారిత్రక పట్టణం, పరిసర సందర్శనీయ స్థలాలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• చంద్రగిరి రాజకీయ కేంద్రంగా ఎదగడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• కోటలోనూ దాని పరిసరాల్లోనూ చూడదగిన స్థలాలను, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• లిఖిత ఆధారం, కట్టడం, ఐతిహ్యం అనే మూడు రకాల ఆధారాలను వేరుచేసి చూడగలుగుతారు.
• పర్యాటకం వల్ల ఒక చిన్న పట్టణానికి ఎప్పుడు మేలు కలుగుతుందో చర్చించగలుగుతారు.

1. ప్రవేశిక

తిరుమల శ్రీవారి దర్శనానికి చాలా రోజుల్లో 60,000 మందికి పైగా భక్తులు వస్తారు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి ఉంది. ఆ భక్తుల్లో కొద్దిమందే చంద్రగిరి వైపు వస్తారు. వచ్చినవారిలో చాలామంది రాజమహల్ ముందు ఫొటో తీసుకొని అరగంటలో తిరిగి వెళ్ళిపోతారు. విజయనగర రాజులకు రాజధానిగా నిలిచిన ఊరిని చూసే పద్ధతి ఇదేనా? కాదంటే, ఎలా చూడాలి? అలా చూడటం వల్ల ఊరికి ఒరిగేదేమిటి? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్నలు ఇవే.

ఈ సందర్భంలో ఒక తేడాను మీరు గుర్తుంచుకోవాలి. పాత కట్టడం ఉన్నంత మాత్రాన అది సందర్శనీయ స్థలం కాదు. అక్కడికి చేరే దారి, చూసినదాన్ని అర్థం చేసుకొనే సాయం, కాసేపు ఆగడానికి తగిన వసతి ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడే కట్టడం ఆకర్షణ అవుతుంది.

2. చంద్రగిరి ఎందుకు ఎదిగింది?

చంద్రగిరి స్వర్ణముఖి నది లోయలో ఉంది. ఉత్తరాన శేషాచలం కొండలు కనిపిస్తాయి. కోట ఒక గుట్టను ఆనుకొని ఉంది. ఆ గుట్ట ఎత్తు సుమారు 180 మీటర్లు. దిగువన ప్రాకారం, కందకం, పైన ఎగువ కోట ఉన్నాయి. రాళ్ళగుట్ట శత్రువుకు అడ్డు. లోయ నీటికి, పంటకు ఆధారం. తిరుమలకూ తమిళ ప్రాంతానికీ పోయే దారులు దగ్గర. ఈ మూడు అనుకూలతలూ ఒకే చోట కుదరడం వల్ల ఇక్కడ కోట వెలసింది. కోట ఉన్న చోట సైన్యానికి తిండిగింజలు, బట్ట, ఇనుప సామాను కావాలి. కాబట్టి కోట పక్కన పేట ఏర్పడటం మన ప్రాంతంలో సర్వసాధారణం. కోటనూ పేటనూ కలిపి చదివితేనే పట్టణ చరిత్ర బోధపడుతుంది.

కోటను క్రీ.శ. 1000 ప్రాంతంలో యాదవరాయ వంశస్థుడైన ఇమ్మడి నరసింహుడు కట్టించాడని సంప్రదాయ కథనం. విజయనగర కాలానికి వచ్చేసరికి ఆధారాలు గట్టిపడతాయి. సాళువ నరసింహుడు చంద్రగిరి కేంద్రంగా బలపడి 1485లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించాడు. శ్రీకృష్ణదేవరాయల సోదరుడు అచ్యుతరాయలు 1529లో రాజయ్యే ముందు ఈ కోటలో నిర్బంధంలో ఉన్నాడని పోర్చుగీసు రచయిత నూనిజ్ రాశాడు. 1565 నాటి యుద్ధంలో ఓడిన తరవాత విజయనగర పాలకులు పెనుకొండకు, 16వ శతాబ్దం చివర్లో చంద్రగిరికి, ఆ తరవాత వేలూరుకు తమ కేంద్రాన్ని మార్చుకున్నారు. 1646లో కోట గోల్కొండ సుల్తానుల వశమైంది.

3. కోట, రాజమహల్, రాణీమహల్

దిగువ కోటలో ముఖ్యంగా చూడవలసినవి రెండు మహళ్ళు. రాజమహల్ మూడంతస్తుల భవనం. దీన్ని రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. మధ్యలో నిలబడి పైకప్పు వైపు చూడండి. దూలాలు లేకుండా అంత బరువును ఏది మోస్తోందని ప్రశ్నించుకోండి. కమానులు, వాటిని మోసే లావుపాటి స్తంభాలే దానికి జవాబు. కింది భాగంలో ముస్లిం వాస్తు రీతికి చెందిన కమానులు, పైన దేవాలయ విమానాలను పోలిన శిఖరాలు కనిపిస్తాయి. హంపిలోని లోటస్ మహల్‌ను చూసినవారికి ఈ కలయిక కొత్త కాదు. యుద్ధాలు చేసుకున్న రాజ్యాల మధ్య కూడా పనివాళ్ళ నేర్పు రాకపోకలు సాగించిందనడానికి ఈ భవనమే సాక్ష్యం.

ప్రస్తుతం రాజమహల్‌లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వారి ప్రదర్శనశాల ఉంది. పక్కనే ఉన్న రాణీమహల్ రెండంతస్తుల భవనం. పేరును బట్టి అక్కడ రాణులు ఉండేవారని చాలామంది అనుకుంటారు. భవన నిర్మాణాన్ని బట్టి అది సేనాధికారి వసతి కావచ్చునన్న అభిప్రాయమూ ఉంది. జనం పెట్టుకున్న పేరు చారిత్రక ఆధారం కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. కోటలో శిథిలమైన శివ, వైష్ణవ ఆలయాలు కూడా ఉన్నాయి. తొందరలో ఉన్నవారు వాటి జోలికి వెళ్ళరు. మీరు మాత్రం తప్పక చూడండి.

చెన్నై నగర చరిత్రకూ చంద్రగిరికీ సంబంధం ఉంది. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి దామర్ల వెంకటాద్రి నాయకుని నుంచి మద్రాసు తీరంలో కోట కట్టుకోవడానికి అనుమతి పొందాడు. వెంకటాద్రి చంద్రగిరి రాజుకు లోబడిన నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం ఏర్పడింది. 1645లో శ్రీరంగరాయలు కంపెనీ హక్కును మళ్ళీ ఖాయపరిచాడు. అనుమతి పత్రం రాజమహల్‌లోనే రాశారని స్థానికంగా చెబుతారు. అనుమతి ఇచ్చిన మాట లిఖిత చరిత్ర. ఏ గదిలో ఇచ్చారన్నది ఐతిహ్యం. ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచకూడదు. అలాగని ఐతిహ్యాన్ని తోసిపుచ్చనూ కూడదు. ఒక ఊరు తన గతాన్ని ఎలా గుర్తుపెట్టుకుందో అది చెబుతుంది.

4. పరిసర స్థలాలు

శ్రీనివాస మంగాపురం: చంద్రగిరికీ తిరుపతికీ మధ్య ఉన్న ఈ గ్రామంలో కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. నారాయణవనంలో పద్మావతీదేవిని వివాహమాడిన తరవాత స్వామివారు ఆరు నెలలు ఇక్కడ ఉన్నారని స్థలపురాణం. అందుకే పెళ్ళి కావలసినవారు, కొత్త దంపతులు ఎక్కువగా వస్తారు. 16వ శతాబ్దంలో ఆలయ పునరుద్ధరణకు అన్నమాచార్యుల మనవడు తాళ్ళపాక చినతిరుమలాచార్యులు పూనుకున్నాడు.

శ్రీవారి మెట్టు: మంగాపురం మీదుగా వెళ్తే తిరుమల కొండకు ఎక్కే ఈ కాలిబాట వస్తుంది. దీనికి 2,388 మెట్లు ఉన్నాయి. అలిపిరి దారికి 3,550 మెట్లు. శ్రీకృష్ణదేవరాయలు చంద్రగిరిలో దిగి ఈ దారినే కొండ ఎక్కేవాడని ప్రతీతి. ఆయన 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు తిరుమలకు వచ్చినట్లు శాసనాల వల్ల తెలుస్తోంది. దేవేరులతో కూడిన ఆయన లోహ ప్రతిమలు శ్రీవారి ఆలయంలో నేటికీ ఉన్నాయి. మెట్ల దారి వేళలు మారుతుంటాయి కాబట్టి ముందుగా కనుక్కొని వెళ్ళండి.

తొండవాడ: ఇక్కడ స్వర్ణముఖి ఒడ్డున అగస్త్యేశ్వరస్వామి ఆలయం ఉంది. భీమా, కల్యాణి, స్వర్ణముఖి నదులు కలిసే చోటుగా దీనికి పేరు. కోటకూ పంటకూ ఆధారమైన నీటి కథ ఇక్కడ కళ్ళకు కడుతుంది.

ఈ నాలుగు చోట్లూ వేరువేరు దర్శనీయ స్థలాలు కావు. కోటలో రాజు, లోయలో నీరు, మంగాపురంలో ఆలయం, కొండకు మెట్ల దారి – ఇవన్నీ ఒకే వ్యవస్థలోని భాగాలు. రాజ్యాధికారానికి తిరుమల ఆశీస్సు కావాలి. తిరుమలకు రాజుల దానాలు కావాలి. ఈ రెంటికీ మధ్య నిలిచింది చంద్రగిరి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: చంద్రగిరికి సంబంధించి లిఖిత ఆధారం ఉన్న అంశం ఒకటి, ఐతిహ్యంగా మాత్రమే వినిపించే అంశం ఒకటి రాయండి.

5. సందర్శన వల్ల ఊరికి కలిగే మేలు

సందర్శకుడు కోటలో టికెట్టు కొన్నప్పుడు ఆ సొమ్ము కేంద్ర ప్రభుత్వ ఖాతాకు చేరుతుంది. ఊరికి మిగిలేది ఆటో కిరాయి, టిఫిను, కొబ్బరి బొండం, చిన్న చిన్న కొనుగోళ్ళ మీద పెట్టే ఖర్చు మాత్రమే. అరగంటలో తిరిగి వెళ్ళేవాడు ఇవేవీ కొనడు. ఒక పూట గడిపేవాడు భోజనం చేస్తాడు, బజారులో నాలుగు అడుగులు వేస్తాడు. కాబట్టి చిన్న పట్టణానికి వచ్చేవారి సంఖ్య కంటే వారు ఆగే సమయమే ముఖ్యం.

మరో కోణం కూడా ఉంది. ప్రాచీన కట్టడాల రక్షణకు 1958లో చేసిన చట్టాన్ని 2010లో సవరించారు. ఆ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. కోట రక్షణకు ఈ నియమం అవసరమే. అయితే ఆ హద్దులో ఇల్లు ఉన్న కుటుంబం మేడ వేసుకోవాలనుకున్నప్పుడు ఆ అవసరానికి మూల్యం చెల్లించేది ఆ కుటుంబమే. రక్షణ భారం ఊరిదీ, లాభం ఇతరులదీ అయితే ఆ రక్షణ ఎంతోకాలం నిలవదు. కోటను కథగా చెప్పగల స్థానిక యువతకు గైడ్లుగా శిక్షణ ఇవ్వడం, మంగాపురం నుంచి కోటకు, కోట నుంచి బజారుకు సందర్శకుడు సులువుగా తిరిగే ఏర్పాటు చేయడం వంటి చిన్న పనులతోనే ఈ లెక్క కొంత సరిపడుతుంది.

6. సారాంశం

గుట్ట, నీరు, దారి కలిసిన చోట చంద్రగిరి వెలసింది. విజయనగర చరిత్ర మొదటి నుంచి చివరిదాకా ఈ ఊరు ఏదో ఒక పాత్ర వహించింది. కోట, మంగాపురం, శ్రీవారి మెట్టు, తొండవాడ – వీటిని కలిపి చూసినప్పుడే దాని ప్రాముఖ్యం తెలుస్తుంది. సందర్శకుడు ఆగి, అర్థం చేసుకొని, కొంత ఖర్చు పెట్టి వెళ్ళినప్పుడే కట్టడానికీ ఊరికీ మేలు.

7. నమూనా ప్రశ్నలు

1. చంద్రగిరి రాజకీయ కేంద్రంగా ఎదగడానికి భౌగోళిక కారణాలను వివరించండి.
2. రాజమహల్ నిర్మాణ విశేషాలను తెలపండి.
3. మీ ఊరికి దగ్గరలోని ఒక చారిత్రక స్థలాన్ని సందర్శించండి. అక్కడ దారి, వివరణ, వసతి ఎలా ఉన్నాయో గమనించి, ఊరివారికి దానివల్ల కలుగుతున్న మేలుపై రెండు పేజీల నివేదిక రాయండి.