జాబితాలో లక్ష్మిగార్లు ఎందరు?

ఎన్నికలు దగ్గరపడితే తప్ప సంఘంలో సభ్యుల జాబితా ఎవరికీ గుర్తు రాదు. పూర్వ విద్యార్థుల సంఘమైనా, అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘమైనా, డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగు సంఘమైనా వరస ఒకటే. ఓటర్ల జాబితా అంటించగానే గొడవ మొదలవుతుంది. ఒకరి పేరు రెండుసార్లు ఉంటుంది, రుసుము కట్టినవారి పేరు ఉండదు, కాలం చేసినవారి పేరు మాత్రం అలాగే ఉంటుంది. కోరం సభ్యుల సంఖ్యను బట్టి కాబట్టి, జాబితా ఉబ్బితే కోరమూ పెరుగుతుంది. నిజానికి సరిపడా మంది వచ్చినా సర్వసభ్య సమావేశం వాయిదా పడుతుంది.

దీన్నంతా కార్యదర్శి అశ్రద్ధ కింద జమకట్టేస్తారు. అది న్యాయం కాదు. రెండు కాగితాల మీద ఉన్న మనిషి ఒక్కరేనా అని తేల్చడం నిజంగానే కష్టం. అమెరికా జనన మరణ గణాంకాల విభాగాన్ని నడిపిన హాల్బర్ట్ డన్ 1946లో ఈ పనికి ‘రికార్డ్ లింకేజ్’ అని పేరు పెట్టాడు. అప్పటినుంచి గణాంక శాస్త్రవేత్తలు దీని మీద పనిచేస్తూనే ఉన్నారు. వాళ్లు కనిపెట్టినవాటిలో చాలా భాగం మామూలు ఎక్సెల్ షీటుతోనే సంఘాలు వాడుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే అన్నీ సర్దుకుంటాయని నమ్మేవారిని నేను చాలామందిని చూశాను. పాత జాబితాను శుభ్రం చేయకుండా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే పాత తప్పులే కొత్త తెర మీద కనిపిస్తాయి.

చిక్కంతా పేరు దగ్గర. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో కె-ఎస్-హెచ్‌తో రాసేవారున్నారు, ఎక్స్‌తో రాసేవారున్నారు. ఒక్కరే ఒక ఫారంలో ఒకలా, మరో ఫారంలో ఇంకోలా రాస్తారు. ఇలాంటి తేడాలను పట్టుకోవడానికి రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి సౌండెక్స్. పేరులో మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, దగ్గరి ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇస్తారు. డి, టి లకు 3, ఎం, ఎన్ లకు 5, ఇలా. లక్ష్మిని ఎలా రాసినా సంకేతం ఎల్250 అనే వస్తుంది. బాగానే ఉంది కదా. కానీ ఇదే పద్ధతిలో సీతకూ స్వాతికీ ఎస్300 వస్తుంది, రమకూ రాణికీ ఆర్500 వస్తుంది. ఈశ్వరరావును ‘ఇ’ అక్షరంతో రాస్తే ఒక సంకేతం, ‘ఐ’ అక్షరంతో రాస్తే మరొకటి. అచ్చులను పారేసే పద్ధతి అమెరికా ఇంటిపేర్లకు నప్పిందేమో గాని, రాజుకూ రోజాకూ తేడా అచ్చుల్లోనే ఉన్న మన పేర్లకు నప్పదు.

మరో కొలత సోవియట్ గణిత శాస్త్రవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ఇచ్చినది. ఒక మాటను మరో మాటగా మార్చాలంటే కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అన్న లెక్క అది. ఎక్సెల్‌లో దగ్గరి పేర్లను వెతికే ఉపకరణాలు కొన్ని దీన్నే వాడతాయి. ఇక్కడా జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు అక్షరాల్లో లక్ష్మి రెండు రూపాల మధ్య దూరం 3. రమకూ రవికీ మధ్య దూరం 2 మాత్రమే! ఒకే మనిషి దూరమయ్యారు, ఇద్దరు వేరువేరు మనుషులు దగ్గరయ్యారు.

తెలుగులో రాసుకుంటే ఈ బాధ ఉండదనుకోవచ్చు. చాలావరకు నిజమే, అందుకే సభ్యత్వ ఫారంలో తెలుగు పేరుకు ఒక గడి తప్పక ఉండాలని నా పట్టు. అయితే రాజ్‌కుమార్ అని టైపు చేసేటప్పుడు ‘జ్’ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి పడుతుంది. జ, క కలిసిపోయి సంయుక్తాక్షరం కాకుండా ఆపేది అదే. ఒకరు ఆ గుర్తు వేసి, మరొకరు వేయకపోతే కంప్యూటర్‌కు అవి రెండు పేర్లు. ఇక యూనికోడ్ రాకముందు అను ఫాంట్లలో చేసిన సావనీర్లు, చిరునామా పుస్తకాలు ఉన్న సంఘాలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఫైళ్లు చూడటానికి తెలుగే గాని లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత మనిషి కంటితో ఒకసారి సరిచూసుకోవాలి.

పేరు ఒక్కటే చాలదని తేలింది. మరి ఏం చూడాలి? కెనడాలోని చాక్ రివర్ అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన జన్యుశాస్త్రవేత్త హోవర్డ్ న్యూకోంబ్ తన సహచరులతో కలిసి 1959లో ‘సైన్స్’ పత్రికలో ఒక దారి చూపించాడు. జనన రికార్డులనూ వివాహ రికార్డులనూ కంప్యూటర్‌తో జతపరిచేటప్పుడు, అరుదైన పేరు కలవడాన్నీ సాధారణమైన పేరు కలవడాన్నీ ఒకే తూకం వేయకూడదన్నాడు. పదేళ్లకు, 1969లో, ఇవాన్ ఫెలెగీ, అలన్ సంటర్ దానికి పూర్తి గణిత రూపం ఇచ్చారు. నేటికీ ఈ రంగానికి పునాది అదే.

దాని సారం ఇది. వేరువేరు మనుషుల్లో ఒక వివరం యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంత తక్కువైతే, అది కలిసినప్పుడు అంత ఎక్కువ మార్కులు. అవకాశం సగానికి తగ్గిన ప్రతిసారీ ఒక మార్కు. స్త్రీ పురుషులు సమంగా ఉన్న సంఘంలో లింగం కలిస్తే 1 మార్కే. పుట్టిన నెల కలిస్తే సుమారు 3.6, తేదీ నెల రెండూ కలిస్తే సుమారు 8.5. సభ్యుల్లో 50 మందికి ఒకరికున్న ఇంటిపేరు కలిస్తే 5.6 మార్కులు, 2,000 మందికి ఒకరికున్న ఇంటిపేరైతే దాదాపు 11. కలవకపోతే మార్కులు తీసేస్తారు. చిరునామా కలవకపోతే మాత్రం ఎక్కువ తీయనక్కరలేదు, మనుషులు ఇళ్లు మారుతూనే ఉంటారు.

మన సంఘాలకు ఈ లెక్కను ఉన్నదున్నట్టు దించుకుంటే దెబ్బతింటాం. పెద్దవాళ్లలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, సర్టిఫికెట్‌లోది మరొకటి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ 1 అనో జూలై 1 అనో రాసేసిన తేదీలు అవి. కాబట్టి 60 దాటిన సభ్యుల్లో జూలై 1 కలిసిందంటే దానికి 8.5 మార్కులు ఇవ్వడం తప్పు, చాలా తక్కువ ఇవ్వాలి. భార్యాభర్తలకు ఇంటిపేరు, చిరునామా, ఇచ్చిన ఫోను నంబరు మూడూ కలుస్తాయి. మూడింటికీ విడివిడిగా మార్కులు వేసి కూడితే దంపతులు ఒక్కరైపోతారు, ఒక ఓటు పోతుంది. ఫోను నంబరును మరీ నమ్మలేం కూడా. వాడకం ఆపేసిన నంబరును కంపెనీలు కొన్నాళ్లు ఆగి వేరొకరికి ఇస్తాయి.

ఫెలెగీ, సంటర్ చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మధ్య కుప్ప. మార్కులు బాగా ఎక్కువ వచ్చిన జంటలు ఒక కుప్ప, అవి ఒకే మనిషివి. బాగా తక్కువ వచ్చినవి మరో కుప్ప, అవి వేరువేరు మనుషులవి. అటూ ఇటూ కానివాటిని యంత్రం తేల్చకూడదు, మనిషి చూడాలి. సంఘాలకు ఇక్కడ పెద్ద బ్యాంకులకు లేని బలం ఉంది. ఊరి శాఖ కార్యదర్శికి ఫోను చేస్తే ‘ఆవిడ మా పక్కవీధి సుబ్బలక్ష్మిగారు, ఈవిడ వాళ్ల తోడికోడలు’ అని ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

5,000 మంది సభ్యులుంటే ప్రతి ఒక్కరినీ ప్రతి ఒక్కరితో పోల్చడానికి 1,24,97,500 జంటలు అవుతాయి. అన్నీ చూడనక్కరలేదు. ఒకే పిన్‌కోడ్ ఉన్నవారిని ఒక గుంపుగా చేసి, ఆ గుంపులోనే పోల్చండి. తర్వాత ఫోను నంబరు చివరి 4 అంకెలతో మరోసారి గుంపులు చేయండి. ఇల్లు మారినందువల్ల మొదటిసారి తప్పిపోయిన జంటలు రెండోసారి చాలావరకు దొరుకుతాయి.

ఒకే మనిషి అని తేలాక కూడా వరుసను చెరిపేయకండి. పాత సభ్యత్వ సంఖ్య పక్కన ‘ఫలానా సంఖ్యలో కలిపాం’ అని, తేదీ, కలిపినవారి పేరు రాసి ఉంచండి. పాత రసీదు పట్టుకుని ఎవరైనా వస్తే జవాబు చెప్పగలగాలి. పొరపాటున ఇద్దరిని కలిపి ఉంటే మళ్లీ విడదీయడానికీ అదే ఆధారం.

ఇకపై చేరేవారికి ఇచ్చే సంఖ్యలో మాత్రం చివర ఒక తనిఖీ అంకె పెట్టండి. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి చాలు, క్రెడిట్ కార్డుల్లో ఉన్నది అదే. సంఖ్య 1482 అనుకుందాం. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. 2 కాస్తా 4 అవుతుంది, 8 అలాగే ఉంటుంది, 4 కాస్తా 8 అవుతుంది, 1 అలాగే ఉంటుంది. రెట్టింపు 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. మొత్తం 21. తనిఖీ అంకెతో కలిపి మొత్తం సున్నాతో ముగియాలి; దాన్ని 30 చేయడానికి 9 కావాలి, కనుక సభ్యత్వ సంఖ్య 14829. ఎవరైనా పొరపాటున 41829 అని రాస్తే మొత్తం 27 వస్తుంది, షీటు వెంటనే పట్టేస్తుంది. ఒక్క అంకె తప్పితే ఈ పద్ధతికి దొరకనిది లేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే 09, 90 తప్ప అన్నీ దొరుకుతాయి. ఆధార్ చివరి అంకెకు వాడే వెర్హోఫ్ పద్ధతి ఆ లోటును కూడా పూడ్చింది గాని, చేత్తో లెక్కవేయడం కష్టం.

తేదీలను సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఏడాదిలో ఇలా రెండు రకాలుగా చదవగల తేదీలు 132 ఉన్నాయి. ఫోను, పిన్‌కోడ్, సభ్యత్వ సంఖ్య గడులను ముందే ‘టెక్స్ట్’గా మార్చకపోతే మొదటి సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది.

ఆధార్ నకలు అడగకండి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఎందుకు అడుగుతున్నామో చెప్పి, ఆ పనికి కావలసినంతే తీసుకోవాలి. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. దగ్గర లేని సమాచారం బయటికి పొక్కదు. ఫోను నంబర్లున్న జాబితా మొత్తాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఈ రోజే మానేయండి. మహిళా సభ్యులకు దానివల్ల కలిగే ఇబ్బంది చిన్నది కాదు.

చివరిగా, జాబితా ఉన్న ఖాతా కార్యదర్శి సొంత ఈమెయిల్‌తో ఉండకూడదు. సంఘం పేరిట ఈమెయిల్ తీసుకుని, ఖాతా తెరిచే అధికారం ఇద్దరు పదాధికారులకు ఇవ్వండి. కొత్త కార్యవర్గం ప్రమాణం చేసిన రోజే పాస్‌వర్డ్ మార్చి, నిర్ధారించిన సభ్యుల సంఖ్యను మినిట్స్ పుస్తకంలో రాసి, పాత, కొత్త కార్యదర్శులిద్దరూ సంతకం చేయాలి.