నిలబడి లాగే బలం

విశాఖ హార్బర్ కాలువలో పెద్ద ఓడల్ని లోపలికి తెచ్చే టగ్గుల్ని చూసొచ్చిన విద్యార్థి ఒకడు క్లాసులో అడిగాడు: "అంత చిన్న పడవ అంత ఓడని ఎలా కదుపుతుంది మాస్టారూ?"

కదపడం తేలికే. నిలకడ నీటిలో తేలే వస్తువుని కాసేపు ఓపిగ్గా తోస్తే మెల్లగా కదులుతుంది. కదిలినదాన్ని అనుకున్న చోట ఆపడమే కష్టం. అందుకని టగ్గు ఉన్నచోటే ఉండి పూర్తి బలంతో తోయాలి, అవసరమైతే మరుక్షణం అంతే బలంతో వెనక్కి లాగాలి.

నేరుగా షాఫ్టుకి బిగించిన పాతకాలపు డీజిల్ ఇంజనుకి ఈ పని ఇబ్బంది. పడవ కదలకుండా ఉంటే ప్రొపెల్లర్ తిప్పడం బరువెక్కి, టాప్ గేర్‌లో ఘాట్ ఎక్కే లారీలా ఇంజను వేగం పడిపోతుంది. వేగం పడితే పూర్తి శక్తి రాదు. వెనక్కి తిప్పాలంటే దాన్ని ఆపి, గాలి ఒత్తిడితో రెండో దిక్కుకి మళ్లీ స్టార్ట్ చేయాలి. ఈలోగా ఓడ వెళ్లి జెట్టీకి గుద్దుకుంటుంది!

దీనికి దొరికిన విరుగుడు నాకు మహా ఇష్టం. డీజిల్‌ని ప్రొపెల్లర్ నుంచి విడదీసి, దానిచేత జనరేటర్ తిప్పించారు. ఇంజను తనకి నచ్చిన వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్‌ని తిప్పే పని మోటారుది. ఆగి ఉన్న డీసీ మోటారులో బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగేటప్పుడు మోటారులోనే పుట్టే ఎదురు వోల్టేజి) సున్నా. అంటే కొద్దిపాటి వోల్టేజికే బోలెడంత కరెంటు, దాంతో బోలెడంత టార్క్. ఇంటర్ పుస్తకంలో మనం బట్టీపట్టి వదిలేసే ముక్క ఇది. జనరేటర్ ఫీల్డు చుట్టలోని చిన్న కరెంటు దిశ మారిస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఆ మీట కెప్టెన్ చేతిలోనే ఉంటుంది. గంట కొట్టి ఇంజను గదికి కబురు పెట్టక్కర్లేదు.

అమెరికా నౌకాదళం 1941లో ఇలాంటి డీజిల్-ఎలక్ట్రిక్ టగ్గు 'హోగా'ని పెర్ల్ హార్బర్‌కి పంపింది. పొడవు వంద అడుగులు. డిసెంబర్ 7న జపాన్ దాడిలో బాంబులు పడుతుంటే, మండుతున్న యుద్ధనౌక 'అరిజోనా' పక్కనుంచి మరమ్మతు నౌక 'వెస్టల్'ని అవతలికి లాగింది. దెబ్బతిన్న యుద్ధనౌక 'నెవాడా' కాలువ మధ్యలో మునిగితే రేవు మొత్తం మూతపడేది. సుమారు 29 వేల టన్నుల ఆ ఓడని మరో టగ్గుతో కలిసి ఎదుటి ఒడ్డుకి చేర్చి, ఆ తర్వాత డిసెంబర్ 9 దాకా మంటల మీద నీళ్లు కొడుతూనే ఉంది.

ఆ నీళ్లు కొట్టడమే తర్వాత దాని బతుకుతెరువయింది. 1948లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ రేవు దాన్ని అరువు తెచ్చుకుని నాలుగు దశాబ్దాలకు పైగా అగ్నిమాపక పడవగా వాడుకుంది. 1989లో జాతీయ చారిత్రక చిహ్నమయింది. పనిలోంచి దిగాక చాలా ఏళ్లు ఖాళీగా పడి ఉండి, 2015లో ఆర్కాన్సా నది ఒడ్డున నార్త్ లిటిల్ రాక్‌లోని మ్యూజియం చేరింది. అక్కడ దాని పొరుగున ఉన్నది 'రేజర్‌బ్యాక్' జలాంతర్గామి. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టినప్పుడు అది టోక్యో అఖాతంలో ఉంది.