పంది లాభం దాణా గాదెలోనే
(మా వాణిజ్య విలేఖరి)

పంది మాంసం ప్రపంచ వ్యాపారంలో ఏ దేశం నెగ్గుకొస్తుందనేది చాలావరకు దాణా ధరను బట్టి తేలుతుంది. పందిని పెంచి అమ్మేందుకయ్యే ఖర్చులో సుమారు 60 నుంచి 70 శాతం దాణాకే పోతుంది. అందులో ముఖ్యమైన సరకులు మొక్కజొన్న, సోయా చెక్క. కిలో బరువు పెరగడానికి పందికి సుమారు 3 కిలోల దాణా కావాలి. అంటే దాణా కిలోకు ఒక రూపాయి ప్రియమైతే, పంది బరువులో కిలోకు 3 రూపాయల భారం పడుతుందన్నమాట.

అమెరికా, బ్రెజిల్ ఈ రెండు సరకులనూ స్వంతంగా పుష్కలంగా పండించుకుంటాయి. ఖర్చులో వాటి అనుకూలత అదే. ఐరోపా దేశాలు సోయాలో అధిక భాగం దిగుమతి చేసుకోవాలి. అక్కడ కూలి ఖర్చూ ఎక్కువే. డెన్మార్క్ రైతులు ఈ లోటును దిగుబడితో పూడ్చుకుంటున్నారు. ఒక్కో ఆడపంది మీద ఏడాదికి 30కి పైగా పిల్లలు వారికి దక్కుతున్నాయి. ప్రపంచంలోని పందుల్లో దాదాపు సగం చైనాలోనే ఉన్నా, సోయాలో అత్యధిక భాగం పైనుంచి రావలసిందే.

నిష్పత్తి లెక్క

అమెరికా బజార్లలో పాత లెక్క ఒకటుంది. 100 పౌన్ల పంది అమ్మిన సొమ్ముతో ఎన్ని బుషెళ్ళ మొక్కజొన్న వస్తుందో చూస్తారు. పంది 60 డాలర్లు, బుషెల్ 4 డాలర్లు అయితే నిష్పత్తి 15. ఈ అంకె పెరిగితే రైతులు మందలు పెంచుతారు. తగ్గితే పిల్లలను కనే ఆడపందులను కూడా కబేళాకు తోలుతారు. అయితే చూలు కట్టిన నాటినుంచి సరకు బజారుకెక్కడానికి దాదాపు 10 నెలలు పడుతుంది. ఈలోగా అందరూ మందలు పెంచి ఉంటే ధర నిలవదు.

1998లో జరిగింది ఇదే. మొక్కజొన్న చౌకగానే ఉన్నా, సరకు కబేళాల శక్తిని మించి వచ్చిపడింది. ఆ డిసెంబరులో 100 పౌన్ల ధర 10 డాలర్ల లోపునకు దిగజారింది. పెట్టుబడిలో మూడో వంతు కూడా చేతికి రాక చిన్న రైతులనేకులు ఈ రంగం వదిలారు. 1980లో అమెరికాలో పందులు పెంచే కమతాలు 6 లక్షలకు పైగా ఉండగా, 2022 నాటికి సుమారు 61 వేలు మిగిలాయి.

ఖర్చు తక్కువైనంత మాత్రాన గిరాకీ ఖాయం కాదు. 2018లో చైనా రెండు విడతలుగా, 25 శాతం చొప్పున, అమెరికా పంది మాంసంపై అదనపు సుంకం వేసింది. అదే ఏడాది ఆగస్టులో చైనాలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. 2018లో సుమారు 540 లక్షల టన్నులున్న చైనా ఉత్పత్తి 2019లో 425 లక్షల టన్నులకు పడిపోయింది. మాంసం ధర భగ్గుమంది. తినే మందలు తగ్గి దాణా గిరాకీ సన్నగిల్లింది.

సోయా చెక్క, మొక్కజొన్న నిల్వలు పట్టే మన వర్తకులు చికాగో గింజల ధరతోపాటు పంది నిష్పత్తిపైనా ఒక కన్ను వేయడం మేలు. పంది పెంపకందారుకు నష్టం వచ్చిన కొద్ది నెలలకు దాణా వర్తకుడికీ ఆ సెగ తగులుతుంది.