వంద రూపాయల కాగితంతో పెళ్లి రద్దు కాదు

పెద్దమనుషులు కూర్చుంటారు. ఇచ్చిన కట్నంలో సగమో పావో వెనక్కి ఇప్పిస్తారు. 'ఇకపై ఒకరి జోలికి ఒకరు రాము, ఎవరికి నచ్చిన పెళ్లి వారు చేసుకోవచ్చు' అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయిస్తారు. 'పోనీలేమ్మా, పీడ విరగడైంది, నీకు విడాకులు వచ్చేశాయి' అని ఆడపిల్లను పుట్టింటికి సాగనంపుతారు. ఇదే పెద్దమనుషులు తమ ఇంటి స్థలం అమ్మేటప్పుడు మాత్రం ఇలాంటి కాగితాన్ని నమ్మరు, రిజిస్ట్రార్ ఆఫీసుకే పరిగెడతారు.

హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ. నోటరీ ధ్రువీకరించేది సంతకాన్ని, విడాకులను కాదు. కాబట్టి ఆ అమ్మాయి చట్టం దృష్టిలో ఇంకా అతని భార్యే. ఆశపడిన కాపురం నిలవలేదు, మళ్లీ మొదలుపెడదాం అని ఆమె రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. మొదటివాడికి ఎప్పుడైనా కడుపు మండితే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. శిక్ష ఏడేళ్ల దాకా జైలు. ఇక రెండో భర్త పోయి, కుటుంబ పింఛను కోసమో ఆస్తి కోసమో ఆమె వెళ్లిన రోజున అత్తింటివాళ్లు మొదట తవ్వి తీసేది ఈ కాగితాన్నే. పిల్లల హక్కులను హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ కొంతవరకు కాపాడుతుంది. తల్లికి ఆ రక్షణ లేదు.

హైదరాబాద్‌లో ఒక మహిళ 2005లో మొదటి భర్తతో ఇలాగే ఒప్పందం రాసుకుని విడిపోయి, మరొకరిని చేసుకుంది. ఆ కాపురమూ చెడి భరణం అడిగితే, 'నీకు మొదటి విడాకులే లేవు, నువ్వు నా భార్యవే కాదు' అన్నాడాయన. ఫ్యామిలీ కోర్టు ఆమెకు ఇప్పించిన నెలకు 3,500 రూపాయలను హైకోర్టు కొట్టేసింది. ఆమె మొదటి పెళ్లి సంగతి తెలిసే ఆయన పెళ్లాడాడు కదా అని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ భరణాన్ని మళ్లీ నిలబెట్టింది. చివరికి గెలిచింది కదా అంటారా? 2005 నాటి కాగితానికి ఢిల్లీ దాకా వెళ్లి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ ఒప్పందం రాయించినవాళ్లెవరూ వెంట వెళ్లి ఉండరు.

ఒక్కటి ఒప్పుకోవాలి. కొన్ని కులాల్లో తెగతెంపులు చేసుకునే ఆచారం తరతరాలుగా ఉంది. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ దాన్ని కాదనలేదు కూడా. అయితే ఆచారం ఉందన్నవాళ్లే దాన్ని కోర్టులో నిరూపించాలని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మా కులంలో ఇది మామూలే అంటే చాలదు. ఎటూ కోర్టు మెట్లు ఎక్కక తప్పదు. గొడవ వచ్చాక ఎక్కేకంటే ముందే ఎక్కితే నయం కాదా?

'కోర్టుకెళ్తే పదేళ్లు' అన్న భయమే ఈ కాగితాలను బతికిస్తోంది. కొట్లాడుకునే కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి, నిజమే. కానీ కూర్చుని ఒప్పందం రాసుకోగలిగినవాళ్లకు కొట్లాట ఎక్కడుంది? ఏడాది విడిగా ఉంటే ఇద్దరూ కలిసి పరస్పర అంగీకార విడాకులు కోరవచ్చు. ఆ తర్వాత ఆగాల్సిన ఆరు నెలలను కూడా తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లోనే తీర్పు వచ్చింది. పెద్దమనుషులు రాయించిన షరతుల్లో న్యాయమైనవి ఉంటే ఆ పిటిషన్‌లోనే పెట్టుకోవచ్చు. 'జీవితంలో భరణం అడగను' అని రాయించుకుంటారు చూడండి, ఆ ఒక్క ముక్కతో ఆమె హక్కు పోదు.

ఇక చిల్లర అపోహలు. ఏడేళ్లు విడిగా ఉంటే విడాకులు వాటంతటవే రావు. ఆ ఏడేళ్ల లెక్క ఆచూకీ తెలియనివాళ్లది, అప్పుడైనా పిటిషన్ వేయాల్సిందే. కేసు అతని ఊళ్లోనే వేయాలన్నదీ తప్పు, 2003 నుంచి భార్య తానున్న చోటే వేయవచ్చు. అమెరికా కోర్టు డిక్రీ తెస్తే అంతా అయిపోయినట్టు కాదు. తిరుపతిలో జరిగిన పెళ్లిని మిస్సోరీ కోర్టు రద్దు చేస్తే 1991లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పెళ్లిలో అమ్మాయికి పెట్టిన బంగారం అత్తింటిదీ కాదు, పుట్టింటిదీ కాదు, ఆమెదే. కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా దాన్ని అడగలేడని 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో తేలింది.

లాయరు ఫీజుకు భయపడి పంచాయితీకి వెళ్లకండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఇప్పటికే అలాంటి కాగితం మీద సంతకం చేసి ఉంటే దాన్ని చించేయకుండా తీసుకుని అక్కడికి వెళ్లండి, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారో చూపడానికి పనికొస్తుంది. మళ్లీ సంబంధం చూస్తున్న తల్లిదండ్రులూ, డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చి, అప్పీలు గడువు దాటాకే శుభలేఖలు అచ్చువేయించండి.