విదేశమునుండి యింటికి వచ్చిన పిదప



విదేశయాత్రను గూర్చి వ్రాయువారు బయలుదేరిన దినము మొదలు మరలివచ్చిన దినము వఱకు వ్రాసి ముగింతురు. వచ్చిన మఱునాటినుండి యింటిలో జరుగు సంగతిని వ్రాసినవారు అరుదు. ఇల్లాలికి అసలు చిక్కు అచ్చటనే ఆరంభమగును. నా యనుభవము మీలో కొందఱికైన నుపయోగపడునని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా చెల్లెలు సింగపూరులో కాపురమున్నది. మాకు తల్లి లేదు; దాని పురిటికి నేను గాక వేఱెవరు పోవుదురు? మావారు బడిపంతులు. వేసవి సెలవులు గనుక పిల్లలను, అత్తగారిని తామే చూచుకొందునని చెప్పి నన్ను పంపిరి. ఏప్రిలు నెలాఖరున విమానమెక్కి, మే నెలాఖరున మరలివచ్చితిని.

సింగపూరు భూమధ్యరేఖకు మిక్కిలి చేరువ. సంవత్సరము పొడుగునను పగలును రాత్రియు నించుమించు సమానమే. సూర్యోదయము ఏడుగంటల ప్రాంతమున నగును. బాలింతకు పథ్యము వండుట, బిడ్డకు నీళ్ళు పోయుట, ఈ పనులతోనే నా దినములు గడచినవి. 1859లో నెలకొల్పబడి, 2015లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికకెక్కిన యచ్చటి వృక్షోద్యానమును ఒకనాడు, సెరంగూన్ వీథిలోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలను ఒకనాడు చూచితిని. అంతకుమించి చూడలేదను చింత నాకు లేదు.

ఇల్లు చేరిన పిదప మొదట నిద్ర చెడినది. అచ్చటి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. అచ్చట అయిదింటికి లేచుట కలవాటుపడిన నాకు ఇచ్చట రెండున్నరకే మెలకువ వచ్చెడిది. ఊరకుండలేక వంటయింటిలో గిన్నెలు సర్దుచుంటిని. ఆ చప్పుడునకు ఇల్లంతయు లేచెడిది. ఎన్ని గంటల తేడాయో, దేహము సరిపడుటకు సుమారు అన్ని దినములు పట్టునందురు. పడమటి దిక్కునకు వచ్చినవారు సాయంకాలపు వెలుతురులో ఆరుబయట తిరిగి, నిదురవేళను కొంచెము కొంచెముగా వెనుకకు జరుపుకొనుట మేలు. నేనట్లు చేసి మూడవనాటికి కుదుటబడితిని.

నిదుర కుదురుకొన్నను మనస్సు కుదురుకొనలేదు. నెలదినములలో నిలిచిపోయిన పనులన్నియు ఒక కాగితముపై వ్రాసితిని. ఇరువదిమూడు పనులైనవి. బీరువాలోని చీరలకు గాలి తగిలించుట, చుట్టములకు తెచ్చిన వస్తువులు పంచిపెట్టుట, పెరటిలో బీర, బెండ విత్తనములు నాటుట, సగములో నిలిచిన కుట్టుపని, వీణ, ఇట్లు సాగినది జాబితా. ఆవకాయ మాత్రము దానిలో లేదు. అత్తగారు పొరుగువారిచేత కాయలు కొట్టించి, ఉప్పు, కారము, ఆవపిండి తమ చేతి కొలతతోనే కలిపించి జాడీకి వాసెన కట్టించియుండిరి. ఆమెకు నీటికాసుల వ్యాధిచే చూపు పోయి మూడేండ్లయినది.

వీణకు గవిసెన తీసి చూచితిని. ఇరువదినాలుగు మెట్లను నిలుపునది మైనమే గదా! వేసవి యెండలకు మైనము మెత్తబడి రెండు మెట్లు కదలియుండెను. మేళము కట్టువానిని పట్టణమునుండి పిలిపించి సరిచేయించితిని. నెలదినముల కొఱతను ఒక్కనాడే తీర్చవలెనని గంటసేపు వర్ణములు వాయించితిని. వాడుక తప్పిన వ్రేళ్ళు మెత్తబడియుండుటచే బొబ్బలెక్కి, పిదప అయిదు దినములు తంత్రిని ముట్టలేకపోయితిని. కుట్టుపనియు నట్లే, తొందరలో వేసిన కుట్టు మరల విప్పవలసివచ్చెను.

ఇట్లు పదునైదు దినములు గడచినవి. ఒకనాటి సాయంకాలము నేను జాబితాలో పదునేడవ పనిని కొట్టివేయుచుండగా అరుగుమీదనుండి అత్తగారు మెల్లగా పిలిచి, “అమ్మాయీ! దమయంతిని అడవిలో విడిచి నెలన్నర దాటినది గదా! దానిని ఊరెప్పుడు చేర్చెదవు?” అనిరి.

నా చేతిలోని కలము నిలిచిపోయెను. ఆమెకు చూపు పోయిన నాటినుండి ప్రతిదినము దీపాల వేళ నేను ఆంధ్రభారతము చదువుట, ఆమె వినుట మా యింటి వాడుక. ప్రయాణమునకు ముందునాటి రాత్రి అరణ్యపర్వమున నలోపాఖ్యానము చదువుచు, నలుడు నిద్రించుచున్న దమయంతిని విడిచిపోవు ఘట్టమువద్ద నెమలియీక పెట్టి పుస్తకము మూసితిని. నా జాబితాలోని యిరువదిమూడు పనులలో అది లేదు! చీరలు జ్ఞాపకమున్నవి, విత్తనములు జ్ఞాపకమున్నవి. నాకొఱకు కాచుకొనియున్న యామె జ్ఞాపకము రాలేదు.

“పిల్లవానిచేత చదివించుకొనలేకపోయితిరా, అత్తయ్యగారూ?” అంటిని. “వాడు పద్యమును విఱుగగొట్టుచున్నాడు. పోనీ, నీవు వత్తువు గదా యని యూరకుంటిని” అని యామె నవ్విరి. ఆ నవ్వు నాకు నిష్ఠురముకంటె నెక్కువగా తగిలినది. ఆ రాత్రి దమయంతి వర్తకుల గుంపుతో చేదిపురము చేరువఱకు చదివి గాని లేవలేదు.

నాటినుండి జాబితాను ప్రక్కనబెట్టితిని. నేను తెలిసికొన్నది యింతే. విడిచిపోయిన అభిరుచులు అప్పులు గావు, వడ్డీతో నొక్కమారు తీర్చుటకు. వీణకు దినమునకు పావుగంట చాలును. మొదట సరళీవరుసలతో వ్రేళ్ళను మచ్చిక చేసికొనవలెను. ఒక వారమునకు ఒక పనినే మరల నెత్తికొనవలెను. ఏది ముందు అను సందేహము వచ్చినపుడు, ఏ పనికొఱకు ఇంటిలో మఱియొకరు ఎదురుచూచుచున్నారో దానిని ముందు చేపట్టవలెను.

నిలిచిపోయినదను దిగులును వలదు. నన్నయభట్టారకుడు అరణ్యపర్వమును నాలుగవ యాశ్వాసమున విడిచెను. రెండువందల యేండ్లకు పైబడిన పిదప ఎఱ్ఱన దానిని పూరించి, నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునికే యంకితము గావించెను. అంత గొప్ప గ్రంథమే అన్నాళ్ళు ఆగి మరల సాగినపుడు, నెలదినములు ఆగిన మన చిన్న పనులెంత!

ఇపుడు మా యింట వచనము మా పిల్లవాడు చదువును, పద్యము నేను చదువుదును. వాడు తప్పు చదివినచోట అత్తగారు దిద్దుదురు. మరల నే నెచ్చటికైన పోవలసివచ్చినను దమయంతి అడవిలో నిలిచిపోకూడదని మా యేర్పాటు. నా జాబితాలో ఇంకను ఆఱు పనులు మిగిలియేయున్నవి. ఉండనిండు.