ఔషధ వ్యయం: ఇంగ్లండులో నిర్ణయం జరిగే తీరు

ఒక మందు రోగికి మేలు చేస్తుందని రుజువైన తరువాత కూడ, ప్రజాధనంతో నడిచే వైద్యవ్యవస్థ దానిని కొనననవచ్చునా? ప్రాణానికి వెల కట్టడమా అని చాలామంది బాధపడతారు. ఆ బాధ సహజమే గాని, ప్రశ్న అంతటితో తీరదు.

ఇంగ్లండులో ఈ పనికై 1999లో 'నైస్' అనే సంస్థ ఏర్పడింది. అది సిఫారసు చేసిన మందుకు జాతీయ ఆరోగ్య సేవ డబ్బు సమకూర్చి తీరాలన్న నిబంధన 2002 నుండి ఉన్నది. మందు ఖరీదు ఒక్కటే ఆ సంస్థ చూడదు. వాడుకలో ఉన్న చికిత్సకంటె ఎంత అదనపు వ్యయమవుతుందో, అందువల్ల ఎంత అదనపు ఆరోగ్యం చేకూరుతుందో చూస్తుంది. ఈ ఆరోగ్యానికి కొలమానం 'క్వాలీ'. పూర్తి ఆరోగ్యంతో గడచిన సంవత్సరం ఒక క్వాలీ. సగం పాటి ఆరోగ్యంతో గడచిన రెండేండ్లు కూడ ఒక క్వాలీయే. మందువల్ల అదనంగా రెండు క్వాలీలు లభించి, అదనపు ఖర్చు 50,000 పౌండ్లయితే, ఒక్కొక్క క్వాలీకి 25,000 పడినట్లు. రెండు దశాబ్దాలకు పైగా 20,000 నుండి 30,000 పౌండ్లు సాధారణ హద్దుగా ఉండేది. దానిని 25,000 నుండి 35,000కు పెంచాలన్న నిర్ణయాన్ని 2025 డిసెంబరులో ప్రకటించారు.

అసలు హద్దు దేనికి? ఖజానాకు అంతు ఉన్నది గనుక. కొత్త మందుకు పెట్టిన సొమ్ము మరొకచోట తగ్గుతుంది: ఒక నర్సు కొలువో, ఒక శస్త్రచికిత్సో ఆగిపోతుంది. అలా నష్టపోయిన రోగి ఎవరో ఎవరికీ తెలియదు; అతని ఫోటో పత్రికలో పడదు. ఆరోగ్య సేవ అప్పటి చికిత్సలపై సుమారు 13,000 పౌండ్లు పెడితే ఒక క్వాలీ సమకూరుతున్నదని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో అంచనా కట్టారు. అనగా 30,000 పెట్టి ఒక క్వాలీ కొన్నప్పుడు వేరొకచోట రెండుకు మించి పోతున్నవి. ఈ లెక్క నిజమైతే, హద్దు పెంచటాన్ని దయ అనటం కష్టం.

అయితే కొలమానంలోనూ లోపమున్నది. అంగవైకల్యంతో జీవించే వ్యక్తి ఆయువు ఒక సంవత్సరం పెరిగితే, ఆ సంవత్సరం ఈ లెక్కలో నిండు సంవత్సరం కాదు. ఈ అభ్యంతరం చిన్నది కాదు. అమెరికాలో మెడికేర్ ఇటువంటి హద్దును ఆధారం చేసుకొని మందులు నిరాకరించరాదని 2010 నాటి చట్టం నిషేధించింది. నైస్ కూడ తీవ్రమైన వ్యాధులకు అదనపు తూకమిచ్చే పద్ధతిని 2022లో ప్రవేశపెట్టింది.

ఆర్కాంబి ఉదంతం చూస్తే ఈ నిర్ణయాల స్వభావం తెలుస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలో ఊపిరితిత్తులు జిగట శ్లేష్మంతో నిండి, క్రమంగా దెబ్బతింటాయి. దానికిచ్చే ఈ మందు జాబితా ధర రోగికి ఏటా సుమారు 1,04,000 పౌండ్లు. మందు పనిచేస్తుందని ఒప్పుకొంటూనే నైస్ 2016లో కాదన్నది. క్వాలీ ఖర్చు హద్దుకు ఎన్నో రెట్లు మించింది. తయారీ సంస్థ దిగిరాలేదు, ఆరోగ్య సేవా దిగిరాలేదు. రోగులు, తల్లిదండ్రులు ఉద్యమించారు. 2019 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. మూడేండ్లలో మందు మారలేదు, వ్యాధి మారలేదు. మారినవి బేరపు షరతులే. నిరాకరణ వైద్యపరమైనదిగా కనిపించినా, అది ధరకు చెప్పిన జవాబు. ఆ మూడేండ్లలో కోల్పోయిన ఊపిరితిత్తుల శక్తి రోగులకు తిరిగి రాదు. ఒప్పందంలోని ధరను మాత్రం ప్రజలకు వెల్లడించలేదు.